మావయ్య అతికిన రెండు లైన్లు

ఆఫీసులో ఆవిడకి అచ్చు మేడమ్ అని పేరు. ఎవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు. ఏ బ్యాంకులో, ఏ బడిలో, ఏ గిడ్డంగిలో కొత్త రౌటర్ పెట్టాలన్నా అది ఆవిడ చేతి మీదుగానే వెళ్లాలి, వెళ్లిన ప్రతి రౌటరూ అంతకు ముందుదానికి అచ్చుగుద్దినట్టు ఉండాలి. అందుకోసం పద్నాలుగు పేజీల పట్టిక ఒకటి తయారుచేసుకుంది. అందులో లేని సెట్టింగు పెట్టకూడదు, ఉన్నది వదలకూడదు. కొత్తగా చేరినవాళ్లెవరైనా సొంత తెలివి చూపించబోతే, ఆ తెలివి ఇంట్లో భద్రంగా దాచుకుని రమ్మనేది. వాళ్లకి ఒళ్లు మండేది. కానీ ఆవిడ పెట్టిన రౌటర్ల గురించి సెలవురోజున ఫోన్లు వచ్చేవి కావు, అందుకని మండిన ఒళ్లు మండినట్టే ఉంచుకుని పట్టిక చూసి పని చేసేవాళ్లు.

నలభై ఆరేళ్ల మనిషి. ఈ పనిలోకి తెచ్చింది మేనమామ, అంటే ఆవిడ తల్లికి తమ్ముడు. ఆయనది కేబుల్ సెక్షను. వెంట్రుకంత సన్నగా ఉండి, సమాచారాన్ని వెలుగుగా మోసే గాజుతీగల కొసలు కోసి, తుడిచి, మెషిన్లో ఎదురెదురుగా పెట్టి అతకడం ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని. ఇరవై ఏళ్ల వయసులో, చదువైపోయి ఏం చేయాలో తోచక గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న మేనకోడల్ని ఒకరోజు వెంటబెట్టుకు వెళ్లి, తీగ ఎలా కోయాలో చూపించాడు. ఆవిడకి కోయడం ఏడాదికి కూడా రాలేదు. ఆ తీగ అవతలి కొసన ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే పిచ్చి మాత్రం పట్టుకుంది. అప్పటినుంచీ తీగ ఆయనది, తీగ చివర పెట్టె ఆవిడది. ఆఫీసులో కూడా మావయ్యా అనే పిలుస్తుంది. విని విని ఆఫీసంతా ఆయన్ని మావయ్య అనడం మొదలుపెట్టింది. ఆయనకంటే ఆరేళ్లు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా అలాగే పిలుస్తాడు.

ఇలా హాయిగా సాగిపోతున్న మేనమామా మేనకోడళ్లకి ఒక ఆసుపత్రి దగ్గర వచ్చి పడింది చిక్కు.

ఆ ఆసుపత్రికి రోడ్డుకి ఇవతల పాత భవనం, అవతల కొత్త భవనం. స్కానింగ్ మెషిన్లన్నీ పాతదాంట్లో ఉన్నాయి. వాటిని చూసి రిపోర్టు రాసే డాక్టర్లు కొత్తదాంట్లోకి మారారు. రెంటినీ కలుపుతూ నాలుగు లైన్లు వేశారు. ఏర్పాటు ఏమిటంటే, స్కానింగ్ గది పక్కన ఒక రౌటర్. డాక్టర్ల దగ్గరికి వెళ్లే స్కాన్ల ట్రాఫిక్‌లో సగం ఎడమ రౌటర్‌కి, సగం కుడి రౌటర్‌కి అది పంచాలి. ఆ రెంటికీ చెరో రెండు లైన్లు. అవి తమ వాటాని మళ్లీ చెరిసగం చేస్తే ఒక్కో లైను మీద పావు వంతు బరువు పడుతుంది. ఎవరికీ కష్టం ఉండదు. నాలుగు లైన్లలో రెండు స్తంభాల మీదుగా పైనుంచి వెళ్లాయి, వాటిని కాంట్రాక్టు మనుషులు వేశారు. మిగతా రెండు రోడ్డు కింది సొరంగంలోంచి వెళ్లాయి, వాటిని అతికింది మావయ్య. ఎడమ రౌటర్‌కి ఒక పై లైనూ ఒక కింది లైనూ, కుడిదానికీ అంతే.

మొదటి వారం అంతా బాగానే ఉంది. డాక్టర్లందరూ మారాక స్కాన్లు నత్తనడక పట్టాయి. పేషెంటు మెషిన్ మీంచి దిగి, చొక్కా గుండీలు పెట్టుకుని, రోడ్డు దాటి, డాక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకున్నా అతని స్కాన్ మాత్రం రాలేదు. మోకాలి నొప్పితో మనిషి నడిచి వచ్చాడు, కాళ్లు లేని బొమ్మ దారిలోనే ఉండిపోయింది. డాక్టర్లు పేషెంట్లని తిట్టలేరు కాబట్టి ఫోన్ చేసి ఆఫీసుని తిట్టారు.

అచ్చు మేడమ్ గ్రాఫులు తీసి చూసింది. పై లైన్లు రెండూ అంచుదాకా నిండి పొర్లుతున్నాయి. కింది లైన్లు రెండూ ఖాళీ. గీత నేలకి అంటుకుపోయి ఉంది. నాలుగింటిలో పని చేయని రెండూ మావయ్యవే.

ఆ ఆఫీసుకి పెద్దసారు ఒకాయన ఉన్నారు. మంచివాడే గానీ తొందరమనిషి. మావయ్య అతికిన జాయింట్లు బాగా లేవని ఆయన ఆరోజే తేల్చేశారు. రౌటర్ మీద లైట్లు ఆకుపచ్చగానే వెలుగుతున్నాయి కదా సార్ అని ఆవిడ అంటే, వెలుగు వెళ్లడం వేరు బరువు మోయడం వేరు అన్నారు. కింది లైన్లలో తప్పులు ఒక్కటి కూడా నమోదు కాలేదు కదా అంటే, ట్రాఫిక్కే లేకపోతే తప్పులు ఎక్కడినుంచి వస్తాయి అన్నారు.  పైగా మీటరు పెట్టి చూస్తే మావయ్య జాయింట్లలో వెలుగు నష్టం కాంట్రాక్టు వాళ్ల వాటికంటే పిసరంత ఎక్కువ ఉంది. ఉండాల్సిన హద్దులోపలే ఉంది, కానీ ఎక్కువ ఎక్కువే కదా. రౌటర్‌కి ముక్కుంటుంది, చెడ్డ లైను వాసన పసిగట్టి పక్కకి తప్పుకుంటుంది అని సెక్షన్లో ఒక నమ్మకం కూడా ఉంది. రౌటర్‌కి ముక్కూ లేదు మూతీ లేదని ఆవిడకి తెలుసు, ఆ మాట చెప్పింది కూడా. మరి ఎందుకు పంపడం లేదో నువ్వే చెప్పు అన్నారు. 

ఆవిడ పట్టిక ముందు పెట్టుకుని మూడు రౌటర్లనీ పేజీ పేజీ, వరస వరస సరిచూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. అక్షరం తేడా లేదు. పై లైన్లు ఒక్క నిమిషం పీకేస్తే ట్రాఫిక్ చచ్చినట్టు కింది లైన్ల మీదికి వస్తుంది, అప్పుడు తెలిసిపోతుంది అని ఆసుపత్రి వాళ్లని అడిగింది. కింది లైన్లు నిజంగానే చెడ్డవైతే ఉన్న కాస్తా ఆగిపోతుంది, ఆ నిమిషంలో ఎవరికైనా ఏమైనా అయితే జవాబు మీరు చెప్తారా అన్నారు వాళ్లు. అదీ నిజమే.

ఇక మావయ్య చేతుల సంగతి. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఏడాదిగా కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. అందరూ చూశారు, ఎవరూ అనలేదు. ఇప్పుడు అందరూ అనడం మొదలుపెట్టారు. నిప్పు లేనిదే పొగ రాదని ఒకరు, వయసు ఎవరి మాట వింటుందని ఇంకొకరు. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే మావయ్యే నమ్మేశాడు. గొడవ మొదలైన ఈ మూడు వారాల్లో రెండుసార్లు సొరంగంలోకి దిగి, జాయింట్లు తెంచి మళ్లీ అతికాడు. రెండుసార్లూ గీత లేవలేదు. రెండోసారి పైకి వచ్చాక కోసే పరికరాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసి, తనని స్టోరు గదికి మార్చమని పెద్దసారుకి అర్జీ రాసి ఇచ్చాడు. మనిషి మెత్తబడిపోయాడు. ఎవరేమన్నా అవునవును అంటున్నాడు.

మేనకోడలు మాత్రం అలాంటిదేం లేదు మావయ్యా, అలాంటిదేం లేదు అంటూనే ఉంది. కానీ దాచడం ఎందుకు, ఆవిడకీ లోపల అనుమానం పుట్టింది. ఆయన కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు, తాళం తీస్తున్నప్పుడు, కళ్లజోడు సర్దుకుంటున్నప్పుడు ఓరకంట ఆ చేతులవంకే చూసేది. చూసినందుకు తనని తానే అసహ్యించుకునేది, మళ్లీ చూసేది.

పెద్దసారు రిపోర్టు తయారుచేయించారు. జాయింట్ల లోపం వల్ల కింది లైన్లు రెండూ పనికిరావనీ, కాంట్రాక్టు వాళ్లతో మళ్లీ వేయించాలనీ అందులో ఉంది. బాధ్యురాలిగా ఆవిడ సంతకం కావాలి. గురువారం నాలుగు గంటలకల్లా ఆసుపత్రికి చేరాలి. సంతకం పెడితే మావయ్య చేతులు పోయిన మనిషిగా స్టోరులోకి వెళ్తాడు, ఇక తీగ ముట్టుకోడు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బుధవారం సాయంత్రం మావయ్యే దగ్గరికి వచ్చాడు.

"సంతకం పెట్టెయ్యవే. నా మీద జాలితో రోగుల్ని ఏడిపించకు."

గురువారం పొద్దున ఇంట్లో గొడవతో తెల్లారింది. ఆవిడకి ఇద్దరు కూతుళ్లు, పదిహేనేళ్లదీ పన్నెండేళ్లదీ. ఆఫీసులో పట్టిక ఉన్నట్టే ఇంట్లోనూ వంటింటి తలుపుకి ఒక కాగితం అంటించి ఉంటుంది. అందులో రెండు రూల్సు. సరి తేదీన సాయంత్రం పని పెద్దదానిది, బేసి తేదీన చిన్నదానిది. ఇది మొదటిది. పనులు రెండు కాబట్టి, సరి తేదీన పిల్లలు గిన్నెలు తోమాలి, తండ్రి బట్టలు మడతపెట్టాలి. బేసి తేదీన పిల్లలు బట్టలు, తండ్రి గిన్నెలు. ఇది రెండోది. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆవిడే రాసి అంటించింది.

పెద్దది సబ్బుకి మొరటుదేరిన వేళ్లు తెచ్చి తల్లి ముఖం ముందు పెట్టింది. ఎన్ని నెలలనుంచో తనకి గిన్నెలే వస్తున్నాయని దాని ఏడుపు. ఆవిడ ఆఫీసుకి బయల్దేరుతూ, రిపోర్టు సంగతే తలలో తిరుగుతుంటే, అటు చూడకుండానే తేదీ ప్రకారమే కదే, తేదీకి నువ్వంటే పగా అంది.

"నువ్వే చూడమ్మా. సరి తేదీ అయితేనే నా వంతు. సరి తేదీ అయితే గిన్నెలు. ఇంక నాకు బట్టలు ఏ జన్మలో వస్తాయి?"

చిన్నది తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడింది. దానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసన్నమాట. ఆ కాగితం అంటించిన దగ్గర్నుంచీ అది ఒక్క గిన్నె కూడా తోమలేదు. తండ్రి గట్టిగా నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దదాని చేత ఇంకోసారి చెప్పించుకుంది. అది విసుక్కుంటూ చెప్పింది. ఆవిడ దాన్ని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దుపెట్టుకుని, ఈ వేళనుంచి నెలరోజులు గిన్నెలు చిన్నదానివే అని తీర్పు చెప్పి పరుగెత్తింది. చిన్నది నోరు తెరిచింది గానీ వినడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆవిడకి తట్టింది ఇదీ. ఒకే స్కాన్ తాలూకు ముక్కలు ముందు వెనకలు కాకుండా ఒకే దారిన వెళ్లాలి. అందుకని రౌటర్ చేతికొచ్చినట్టు పంచదు. ఎవరు పంపారు, ఎవరికి పంపారు అనే చిరునామాలు రెండూ తీసుకుని, తన దగ్గరున్న ఒక అంకెతో కలిపి లెక్కవేస్తుంది. ఫలితం సరి అయితే ఎడమకి, బేసి అయితే కుడికి పంపుతుంది. బాగానే ఉంది. కానీ ఎడమ రౌటర్‌కి వచ్చినవన్నీ సరివే కదా. అదీ అదే అంకెతో అదే లెక్క వేస్తే మళ్లీ అన్నీ సరివే వస్తాయి, సరికి మొదటి లైను కాబట్టి అన్నీ దానికే పోతాయి. రెండో లైను నోరు తెరుచుకుని కూర్చోవాల్సిందే. కుడి రౌటర్‌కి వచ్చినవన్నీ బేసివి, అన్నీ రెండో లైనుకే పోతాయి. ఎడమదాని మొదటి లైనూ, కుడిదాని రెండో లైనూ ఏవి? కాంట్రాక్టు వాళ్ల పై లైన్లు. మావయ్య లైన్ల మీదికి ఒక్క స్కాన్ ముక్క కూడా పోయే దారే లేదు.

ఆ అంకెని ముట్టుకోకుండా వదిలేస్తే ఏ రౌటర్‌కి ఆ రౌటర్ తనది తాను వేరుగా ఎంచుకుంటుంది. వదలలేదు మన అచ్చు మేడమ్. తొమ్మిదో పేజీలో అన్నిటికీ ఒకే అంకె రాసి పెట్టింది, అన్నీ ఒక్కలా ఉండాలని. ఇన్నాళ్లూ పనిచేసిన చోట్ల పంపకం ఒక్క మెట్టే ఉండేది, అందుకని ఏ ఇబ్బందీ రాలేదు. ఒకదాని తర్వాత ఒకటి రెండు మెట్లు పెట్టడం ఈ ఆసుపత్రిలోనే మొదలు. అంటే ఆవిడ పట్టిక పట్టుకుని మూడుసార్లు సరిచూసిందే, అప్పుడు చేసిన పనల్లా తప్పు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడమే. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

బస్సులో కూర్చుని ఆవిడ తనలో తాను నవ్వుకుంది. పక్కసీటు పెద్దావిడ కాస్త జరిగి కూర్చుంది. తప్పు తనదే అని తెలిస్తే ఇంత హాయిగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. గుండెల మీంచి బండ దింపినట్టు ఉంది. సిగ్గు తర్వాత వచ్చింది, రెండు స్టాపులు దాటాక. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మూడు వారాలు ఆ మనిషి చేతుల మీద పడి ఏడ్చారందరూ. అందరితో పాటు తనూ.

సంతకం లేని రిపోర్టు పెద్దసారు ముందు పెట్టి, తప్పు నాది సార్ అంది. ఆయన కళ్లజోడు తీసి, మేనమామ కోసమా అని సూటిగా అడిగారు. ఆవిడ రిపోర్టు వెనక్కి తిప్పి, ఖాళీ వైపున మూడు పెట్టెలూ నాలుగు గీతలూ గీసి, సరి బేసి చెప్పుకుంటూ వెళ్లింది. సగంలోనే ఆయనకి అర్థమైంది.  ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఒంటిగంటకి మెషిన్లు ఆపి భోజనాలకి వెళ్తారు, అప్పుడు మార్చి చూడండి అన్నారు.

అర్జీ మంజూరు కాకముందే మావయ్య స్టోరు గదిలో కేబుల్ చుట్టలు సర్దుతున్నాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. విని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"నా కోసం నీ నెత్తిన వేసుకుంటున్నావు కదూ? మీ అమ్మకి తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వదు. వద్దే తల్లీ, నాకేం బాధ లేదు."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఒట్టు వేసినా నమ్మలేదు. ఒట్టు వేశాక అనుమానం ఇంకా పెరిగింది. చివరికి ఆవిడ వాదించడం మానేసి, చెయ్యి పట్టుకుని జీపు దాకా లాక్కెళ్లింది.

స్కానింగ్ గది పక్కనున్న ఆ రౌటర్ల గదిలో ఒకే కుర్చీ ఉంది. ఆవిడ కూర్చుంది, పెద్దసారూ మావయ్యా వెనక నిలబడ్డారు. ఒంటిగంటా రెండు నిమిషాలకి ఎడమ రౌటర్‌లో అంకె మార్చి, నొక్కాల్సిన మీట మీద వేలు పెట్టి ఆగింది. ఇప్పుడు ఆగడం దేనికి అంటే, భయం. పంపకంలో తప్పుండడం నిజమే, కానీ అందువల్ల జాయింట్లు మంచివని రుజువు కాలేదు కదా. రెండూ నిజం కావచ్చు. బరువు పడగానే ఆ గాజు అతుకు తప్పులు కక్కితే, మావయ్య కళ్లెదుటే మావయ్య చేతులు పోయాయని తనే చూపించినట్టు అవుతుంది. దేవుడా అనుకుని నొక్కింది. ఆ వెంటనే కుడి రౌటర్‌లో ఇంకో అంకె పెట్టి అదీ నొక్కింది.

గ్రాఫు అరనిమిషానికి ఒకసారి మారుతుంది. మొదటి అరనిమిషం ఏమీ లేదు. రెండోసారి కింది లైను గీత నేల వదిలింది. మూడోసారి ఇంకాస్త లేచింది. పొద్దుటినుంచి దారిలో ఇరుక్కున్న స్కాన్లన్నీ నాలుగు దారులా సర్దుకుని కదిలాయి. పది నిమిషాలకి నాలుగు గీతలూ పక్కపక్కనే, ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. ఎదుటి భవనంలోంచి ఒక డాక్టరమ్మ ఫోన్ చేసి, స్కాన్లు వచ్చేశాయి, పేషెంట్లు భోజనాలు ముగించి రావాలంతే అని చెప్పింది. పెద్దసారు ఊపిరి వదిలిన చప్పుడు గది అంతా వినిపించింది.

మావయ్య ముందుకి వంగి, ముక్కు తెరకి తగిలేటంత దగ్గరగా చూశాడు. తప్పులెన్ని అని అడిగాడు. సున్నా అంది. మళ్లీ చూడమన్నాడు. మళ్లీ చూసి సున్నా మావయ్యా అంది. ఇంకాసేపు ఆగి మూడోసారి అడిగాడు. ఆవిడ లేచి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మీరే చూసుకోండి అంది. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో లైనూ వేలితో చూపించుకుంటూ తనే చదువుకున్నాడు. కుడిచెయ్యి ఎత్తి తన కళ్ల ముందు పెట్టుకున్నాడు.

"వణుకుతూనే ఉంది చూడు," అన్నాడు. "వణుకుతూనే అతికాను."

ఆ ముఖంలో వెలుగు చూసి ఆవిడకి ఏడుపు ఆగలేదు. పెద్దసారు గొంతు సవరించుకుని, ఆ స్టోరు అర్జీ ఇంకా నా సొరుగులోనే ఉంది, పైకి పంపలేదు, చింపేయమంటారా అని అడిగారు. చింపేయమన్నాడు మావయ్య. అలా అన్నాక మేనకోడలి వైపు తిరిగాడు. మూడు వారాలుగా మెత్తబడి, అన్నిటికీ అవునవును అంటున్న మనిషికి ఇప్పుడు కోపం వచ్చింది. అలాంటిలాంటి కోపం కాదు. ఒక్క పిచ్చి అంకె కోసం తనని రెండుసార్లు ఆ సొరంగంలోకి దింపావా అన్నాడు. బురదలో మోకాళ్లు అరిగిపోయాయన్నాడు. రెండుసార్లు బంగారం లాంటి జాయింట్లు తన చేత్తో తానే తెంచుకున్నానన్నాడు. పద్నాలుగు పేజీలు రాయడం కాదు, రాసినదాన్ని ఒక్కసారి అనుమానించడం కూడా నేర్చుకోమన్నాడు. ఆవిడ తల వంచుకుని, కళ్లు తుడుచుకుంటూ, అక్షరం అక్షరం కమ్మగా వింది.

తిట్లు అయిపోయాయి. ఆయన లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు. గొంతు తగ్గిపోయింది.

"వాళ్లంతా నా చేతులవంక చూశారు, చూడనీ. నువ్వు కూడా చూశావు కదే."

ఆయనకి తెలుసన్నమాట. ఆవిడ చూశాను మావయ్యా అంది. 

"ఈసారి లైను ఖాళీగా ఉంటే ముందు నీ కాగితం చూడు. అది అయ్యాక నా చేతులు చూద్దువుగాని," అని, ఆ వణికే చేత్తోనే ఆవిడ నెత్తి మీద ఒక్కటి మొట్టి, సొరంగం తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి వెళ్లాడు. జాయింటు పెట్టెల మూతలు సరిగ్గా బిగించాడో లేదో ఒకసారి చూసుకోవాలట.